స్వల్ప

సండూరు బస్టాండు వెనక జిమ్ములో కృపానిధికి కోపం రాని పూట లేదు. యాభై దాటిన కోచ్. ఎవరైనా బార్ భుజాన వేసుకుని స్క్వాట్‌కు కూర్చుంటే, తను నేల మీద బోర్లా పడుకుని, చెంప సిమెంటుకు ఆనించి, వాళ్ల మడమలకేసి చూస్తాడు. జేబులో పాత పెళ్లిపత్రిక ముక్క ఒకటి ఉంటుంది. అది మడమ కింద దూరిందా, మడమ లేచినట్టే; అతని మెడ ఎర్రబడుతుంది. ఇక కొంచెం అనడానికి అక్కడివాళ్లు వాడే "స్వల్ప" అనే మాట వింటే అతనికి ఒళ్లు మండిపోతుంది.

నిన్న పొద్దున ఖనిజం లారీ డ్రైవరు యల్లేష్ వంద కిలోలతో కూర్చుంటే పత్రిక ముక్క సులువుగా దూరింది. "మడమ లేస్తాండాది, పెట్టప్పా బార్!" అని అరిచాడు కృపానిధి. యల్లేష్ బార్ స్టాండుకు పెట్టి నవ్వాడు. "స్వల్ప లేసినాది, అంతే కదా సార్. నడుస్తాది." కృపానిధి ప్లేట్లన్నీ లాగి కింద పడేశాడు. ఆ మోతకు జిమ్మంతా ఇటు తిరిగింది. "స్వల్ప అంటే ఎంతప్పా? చెప్పు!" కృపానిధి బెంచీ మీద కూర్చుని, ఎవరి ముందూ విప్పని ఎడమ బూటు విప్పాడు. బొటనవేలు తప్ప వేళ్లు లేవు. "ఇంత. గనిలో ఫిట్టరు పని చేసేటప్పుడు లారీ కింద జాకీ స్వల్ప వాలి ఉండె. నడుస్తాదిలే అన్న్యాడు ఒకడు."

"ఎవరు సార్ వాడు?"

కృపానిధి మెడ మళ్లీ ఎర్రబడింది.

"నేనే."