వెనక సీటు మాట

ఐజాక్‌కు దూరాలు తిరిగే బండి కావలసివచ్చింది. కళ్యాణదుర్గం నుంచి గుమ్మఘట్ట దాకా కూలీల సంఘం పని మీద తిరిగి తిరిగి పాత చిన్న బండి ప్రాణం విడిచింది. ఆ బండి మీద అతనెన్నడూ ఒక్కడే పోలేదు. వెనక భార్య కృపాకుమారి ఉండేది. ఊరు చేరాక అతను మగవాళ్ళను కూడేస్తే, ఆమె వాకిలి వాకిలికీ పోయి ఆడకూలీలను కూడేసేది. ఒకే చేన్లో ఒకే పనికి ఆడమనిషికి తక్కువ కూలి ఎందుకన్న మాట ముందు లేచింది ఆ వాకిళ్ళలోనే, సంఘం ఆఫీసులో కాదు.

మెకానిక్ లక్ష్మన్న షెడ్డులో రెండు పెద్ద బండ్లు అమ్మకానికున్నాయి. రెండూ బెంగళూరు పిల్లకాయలు మోజు తీరి వదిలేసినవే. ఎర్రదాని మీద ముందుకు వంగి కూర్చోవాలి. చెయ్యి తాకితే ఉరుకుతుంది, దాని గొంతు వీధి అవతలికి వినిపిస్తుంది. బూడిద రంగుది బరువైనది. నడుము నిటారుగా పెట్టి పోవచ్చు, గుంతలో పడినా వెన్నుకు తెలియదు. చప్పుడు మాత్రం బర్రె నెమరేసినట్టుంటుంది.

"ఎర్రదాని సామాను బెంగళూరు నుంచి రావల్లన్నా. టైర్లు గూడా బిస్కెట్లు తిన్నట్ల తింటాది. బూడిద దానికైతే అనంతపురంలోనే అన్నీ దొరుకుతాయి," అన్నాడు లక్ష్మన్న.

"మనసేమో ఎర్రదాని మీద ఉండాదే!"

"మనసు పెట్రోలు పోస్తాదా?"

ఐజాక్ మనసులో ఉన్నది నిజానికి బండి కాదు, ఒక వీధి. అతని ఊళ్ళో భూములున్న దివాకర్ వాళ్ళ పెద్దవీధి. ఐజాక్ నాయన యేసన్న ఆ వీధి మొదట్లో సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటి, చివర్లో ఎక్కేవాడు. దిగమని అక్కడ బోర్డేమీ లేదు. ఇలాంటివాటికి బోర్డు అక్కర్లేని దేశం మనది. ఇప్పుడు దిగమనేవాడు లేడు. అయినా ఆ మలుపు రాగానే ఐజాక్ కుడికాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఎర్రబండి గొంతుతో ఆ వీధి ఒక్కసారన్నా దద్దరిల్లాలని అతని ఆశ.

కృప షెడ్డుకొచ్చి రెండు బండ్ల చుట్టూ తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఫోన్లో ఈ బండ్ల వీడియోలే చూస్తాంటివి కదా. వెనక సీటు ముచ్చట ఒక్కడన్నా చెప్పినాడా?"

"లేదు మే."

"యాడ చెప్తారు? వాళ్ళేమన్నా చీర కట్టినోళ్ళా!"

ఎర్రదాని మీద ఆమె పక్కకు కూర్చుంది. సీటు ఎత్తు, పైగా ముందుకు జారుడు. రెండు కాళ్ళూ ఆనించే చోటు లేదు, చీర చక్రంలో పడకుండా అడ్డకమ్మీ లేదు. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇది పెండ్లాం ఉండేవాడికి చేసిన బండి కాదయ్యా. బ్రేకు కొడితే నీ వీపు మీద పడతా, లాగిస్తే రోడ్డు మీద పడతా."

"నువ్వు ఆటోలో రాగూడదా?" అని నోరు జారాడు ఐజాక్.

"మాపటేల ఆ ఊర్లకు ఆటో యాడిది? సరేలే, నువ్వొక్కడివే పో. నల్లమ్మ వాకిట్లో కూచొని నీ కూలెంతని నువ్వే అడుగు. చెప్తాదేమో చూస్తా."

ఆడకూలీల్లో ఒకతె అయిన నల్లమ్మ మగవాళ్ళ ఎదుట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆమె నోరు విప్పిందే కృప దగ్గర. ఐజాక్ బూడిద బండి వైపు తిరిగాడు.

దానికీ అడ్డకమ్మీ లేదు. "కమ్మీ యెల్డింగు చేపిస్తా గానీ, అక్క పక్కకు కూచుంటే ఇంత బరువు బండి ఒకదిక్కే లాగుతాది," అని లక్ష్మన్న తల గోక్కున్నాడు.

కృప షెడ్డు వెనక్కి పోయింది. కుచ్చిళ్ళు కాళ్ళ నడుమ నుంచి వెనక్కి దోపి, చీర కాసె పోసుకొని వచ్చింది.

"ఏం మే, ఇట్లనా రోడ్డు మీద?"

"శెనిక్కాయ పెరికేటప్పుడు ఇట్లనే గదా కడతాము. చేన్లో లేని సిగ్గు ఈడ యాడ నుంచొచ్చె?"

అటూ ఇటూ కాళ్ళేసి మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంది. "ఇది ఇల్లున్నట్ల ఉండాది. పోనీ," అంది.

బూడిద బండే కొని, అలాగే తమ ఊరికి పోయారు. పెద్దవీధి మలుపులో ఐజాక్ కాలు మళ్ళీ బ్రేకు మీదికి పోయింది. వెనక నుంచి కృప అతని భుజం తట్టింది.

"మలుపు దాటినాము. పోనీలే."

బండి చప్పుడు లేకుండా పోతుంటే, రచ్చకట్ట మీద కూర్చున్న దివాకర్ అది ఎదుటికి వచ్చేదాకా చూడలేదు. చూసి లేచి చెయ్యెత్తాడు.

"ఏమప్పా ఐజాకూ, బండి బలే ఉండాదే! మైలేజెంత ఇస్తాది?"

ఐజాక్ బండి ఆపి ఒక కాలు నేలకానించాడు. జవాబు వెనక సీటు నుంచి వచ్చింది.

"వచ్చే వారం మీ తోటలో ఆడోళ్ళ కూలి మాట్లాడేదానికి దీని మీదనే వస్తామన్నా. అప్పుడు చెప్తాంలే."

దివాకర్ నవ్వాలో వద్దో తెలియక మళ్ళీ కట్ట మీద కూర్చున్నాడు. అంతసేపూ వాళ్ళిద్దరిలో ఒక్కరూ బండి దిగలేదు. ఐజాక్ గేరు వేశాడు. వీధి చివరి దాకా ఎర్రబండి అతనికి గుర్తు రాలేదు.