ఆటో కోసం వెళ్లిన మనిషి

కొత్తగూడెంలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు. నాకు తొలి కాన్పు. మధ్యాహ్నం నొప్పులు మొదలైతే మావారు ఆటో తెస్తానని వెళ్లి గంటైనా రాలేదు. పక్కింటి మేరమ్మక్క వెతుక్కుంటూ పోతే సందు చివరి సెంటర్‌లో కంప్యూటర్ గేమ్ ఆడుతున్నారట.

"ఈ ఒక్క ఆట అయిపోనీ అక్కా, వస్త" అన్నారట, చూపు కూడా తిప్పకుండా.

అక్కే ఆటో తెచ్చి నన్ను దవాఖానాకు తీసుకెళ్లింది. బాబు పుట్టాడు కానీ ఏడవలేదు. "కొంచెం ముందు తెస్తే బతికేటోడు" అంది నర్సు.

ఈ గేమ్ పిచ్చి తాగుడు కన్నా పాడు వ్యసనమని నేను ఏడిస్తే అత్తమ్మ కసిరింది. "నా కొడుకు మందు ముట్టడు, పేకాట ఆడడు. పిల్లల ఆట ఆడుకుంటే గూడ వ్యసనమేనా?"

బాబును మట్టి చేసి వచ్చిన సాయంత్రమే ఆయన కాళ్లు కడుక్కుని మళ్లీ ఆ సెంటర్‌కే వెళ్లారు. 

ఇప్పటికీ గేమ్ ఆడటం వ్యసనమా కాదా అని ఎవరైనా వాదించుకుంటుంటే, నేను లేచి లోపలికి వెళ్లిపోతాను.