దొర ఇవ్వని శ్రుతి

కమానుకు గుగ్గిలం రుద్దితే లేచే ఘాటు వాసన తగిలితే చాలు, నాకు బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ రేవు గుర్తొస్తుంది. ఇవాళ కొత్తగా చేరిన శిష్యురాలికి రుద్దడం చూపిస్తుంటే అదే జరిగింది. నాకు వయొలిన్ నేర్పిన సింహాచలం మాస్టారు అక్కడ రేవు కూలీల బస్తీలో ఒక గదిలో ఒంటరిగా ఉండేవారు. మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపు ఉద్యోగి. ఆదివారాలు నన్ను బస్సెక్కించి, చీకటి పడకముందే వచ్చెయ్యమనేవారు. ఆ గదిలో నాకు పట్టపగలే భయం వేసేది.

పాఠానికి ముందు మాస్టారు వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, కమానును గాలిలో నిలిపి, చెవి రిక్కించేవారు. ఎంతసేపటికీ కదిలేవారు కాదు.

"మొదలుపెడదామా మాస్టారూ?" అనేదాన్ని.

"ఏటమ్మా ఆ తొందర? దొర ఇంకా శుతి ఇవ్వనేదు."

దొర అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇటలీ నుంచి ఓడలో వచ్చి ఆ ఊళ్లో స్థిరపడిన సంగీతకారుడు. హోటళ్లలో వాయించేవాళ్లకూ, చర్చి పిల్లలకూ, చివరికి రేవు కూలీల పిల్లలకూ వయొలిన్ పట్టుకోవడం నేర్పింది ఆయనేనట. మాస్టారు కూడా ఉన్న ఆయన బృందంలో ఒకటే కట్టుబాటు. ముందు ఆయన రెండో తీగ పలికించాలి, అందరూ దానికి శ్రుతి చేసుకోవాలి. అంతవరకూ ఎవరూ కమాను ఆనించకూడదు. ఇటలీ యుద్ధంలోకి దిగినప్పుడు, ఆయన కమాను ఎత్తిన క్షణంలోనే పోలీసులు వచ్చి శత్రుదేశస్థుడని పట్టుకుపోయారు. "ఉండండి, వచ్చి ఇస్తాను" అన్నాడట. మళ్లీ రాలేదు. మిగతావాళ్లు వేరే బృందాల్లో చేరిపోయారు. మాస్టారు మాత్రం జీవితమంతా పాఠాలు చెప్పారు గానీ, జనం ముందు ఒక్కసారీ వాయించలేదు. చూడని ఆ దొర మీద నాకు ఒళ్లు మండేది.

లిలువాలో మన తెలుగువాళ్ల సభలో నన్ను వాయించమన్నారు. దొర శ్రుతి ఇవ్వందే కుదరదన్నారు మాస్టారు. అప్పటికి ఆయన దగ్గర మిగిలిన శిష్యురాలిని నేనొక్కదాన్నే.

"నేను కూడా వాయించకపోతే మీ విద్య ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?" అని ఏడ్చాను.

"సరే, నానూ వత్తాను. దొర శుతి ఇత్తే వాయించు. ఇవ్వకపోతే దిగిపోదువు గాని," అన్నారు.

వేదికెక్కి కమాను ఎత్తాను. ముందు వరుసలో మాస్టారు అరచెయ్యి చూపించి ఆపారు. హాలంతా గుసగుసలు. మైకు దగ్గరి బెంగాలీ ఆయన "శురు కోరున్, దీదీ" అంటూ, మొదలుపెట్టమని తొందరపెట్టాడు. కమాను ఇంకా గాలిలోనే ఉంది. రెండో తీగ వణికింది. సన్నని నాదం నా దవడ ఎముకలోంచి చెవిలోకి పాకింది. నేను ఇంట్లో చేసుకొచ్చిన శ్రుతికి అది కాస్త కిందుగా ఉంది. తీగలన్నీ దానికి సరిచేసుకుని వాయించాను.

దిగి వచ్చాక మాస్టారు నా మొహంలోకి చూశారు.

"వినబడిందా?"

తలూపాను.

"నాకు వినబడనేదమ్మా," అన్నారు. ఆ తర్వాత పాఠానికి ముందు ఆయన ఎప్పుడూ చెవి రిక్కించలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ప్రతి కచేరీకి ముందు ఆ తీగ ఇప్పటికీ తనంతట తానే పలుకుతుంది. ఇంకెవరైనా ఉలిక్కిపడ్డారేమోనని జనం మొహాలు వెతుకుతాను. ఎవరూ ఉలిక్కిపడరు. మాస్టారు బతుకంతా అడిగినది అడగని నాకెందుకు ఇస్తున్నావని, కనబడని ఆ దొరతో మనసులోనే పోట్లాడుతూ వాయించడం మొదలుపెడతాను.