కుంజెస్ ఆచే మౌనవ్రతం

కుంజెస్ ఆచే నాకు అక్క వరస. ఆమె నోటికి జడిసి దారి మార్చుకుని తిరిగిన రోజులు చాలా ఉన్నాయి. ఒక్క చెట్టయినా లేని మా లోయను అభయారణ్యం అన్నదీ, నన్ను దానికి గార్డుగా వేసిందీ ప్రభుత్వం. తిట్లు మాత్రం నాకు. అడవి గాడిదలు ఆమె మేకల గడ్డి మేస్తే తప్పు నాదే.

"నీ అత్తారింటివాళ్లేమిట్రా స్తోబ్దన్, అవి? వడిసెల తియ్యకూడదు, కుక్కను వదలకూడదు. మెడలో తెల్ల కండువా వేసి రమ్మంటావా?" అనేది.

నిజానికి వడిసెల అక్కర్లేదు. ఆమె ఒక్క కేక వేస్తే గాడిదలు కొండెక్కేవి. చలికాలానికని ఊరు దాచుకునే వాగు పక్క పచ్చికకు ఆ గొంతే కాపలా. పోయిన చలికాలం గడ్డి ముందే అయిపోయి ఆమె మేకల్లో సగం ఆకలికి మాడి చచ్చాయి. వాటి పేరున ఈ ఏడు మా నాలుగో నెలలో, బుద్ధుడి నెలలో, గొంపా మఠంలో రెండు రోజుల ఉపవాసం పట్టింది. రెండో రోజు మంచినీళ్లు ముట్టకూడదు, నోరు విప్పకూడదు. మగవాళ్లు మందలతో పై మేతకు పోయారు. మిగిలిన ఊరంతా అదే వ్రతంలో కూర్చుంది. గడ్డికి కాపలా ఎవరని ఒక్కరైనా ఆలోచించారా? లేదు!

ఆ రెండో రోజు మధ్యాహ్నం గాడిదల మంద పచ్చికలో దిగింది. ఆచే గొంపా మెట్లు దిగి పరుగున వచ్చింది. శాలువా ఊపింది, చప్పట్లు కొట్టింది. అవి తల కూడా ఎత్తలేదు. నా చొక్కా పట్టుకుని మంద వైపు లాగింది. పెదాలు ఎండిపోయాయి, కళ్లనిండా నీళ్లు. ఉద్యోగం పోతే పోయిందని నేనే అరిచాను. రోజూ వాటి మధ్య తిరిగేవాణ్ణి కదా, నన్నోసారి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. ఒళ్లు మండిపోయింది నాకు.

అప్పుడు ఆచే అరిచింది. మంద దుమ్ము లేపుకుంటూ పారిపోయింది. ఆమె అక్కడే కూలబడింది.

"అయిపోయింది. చచ్చినవాటికి ఈ మాత్రమైనా చెయ్యలేకపోయాను. గాడిదల్ని అదిలించడం కూడా చేతకాదట్రా నీకు?"

"ఊరుకో ఆచే. రేపట్నుంచి నేను పడతాను ఉపవాసం, నీ మేకల పేరు మీదే."

"నువ్వా? వెన్న టీ లేందే కన్ను తెరవనివాడివి!"

ముక్కు తుడుచుకుని గడ్డివైపు తిరిగింది.

"తెల్లచెవుల పిల్ల ఒకటి ఉండేది. నా ఒళ్లోనే పోయింది. దాన్ని ముందు తలుచుకో."