పంతం కొద్దీ ఇచ్చిన పాస్

పదో తరగతి చదివే రోజుల్లో నాకు తెలిసిన న్యాయం ఒక్కటే: బంతి ఎవరి చేతికొస్తే వాళ్ళదే. నా చేతికొచ్చిందంటే అది బుట్టలోనైనా పడాలి, గీత దాటైనా పోవాలి, ఇంకొకళ్ళ చేతికి మాత్రం వెళ్ళకూడదు. మండపేటలో మా బళ్ళో నా అంత పొడుగు ఆడపిల్ల లేదు (మగపిల్లల్లోనూ ఇద్దరో ముగ్గురో, అంతే). ఆ పొడుగు చూసే మా డ్రిల్లు మాస్టారు నన్ను బాస్కెట్‌బాల్ జట్టులోకి లాగారు. బళ్ళో కోర్టు బీటలు వారిపోవడంతో, పక్కనున్న రైసుమిల్లు వాళ్ళు ధాన్యం ఆరబోసుకునే సిమెంటు గచ్చు మీద సాయంత్రాలు మమ్మల్ని ఆడుకోనిచ్చేవారు. కోతలయ్యి మాసూళ్ళు జరిగే రోజుల్లో సగం గచ్చు ధాన్యంతోనే నిండిపోయేది. బంతిని నేలకు కొడుతూ పరిగెత్తడానికి చోటుండదు కాబట్టి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పాసులిచ్చుకుంటూ ఆడమని మాస్టారు చెప్పేవారు. నేను మాత్రం ధాన్యం తొక్కుకుంటూనే బుట్ట దాకా పోయేదాన్ని. మిల్లులో పనిచేసే ఒక మామ్మ చీపురు పట్టుకుని నా వెనకాలే వచ్చేది.

మా అయిదుగురిలో అందరికన్నా పొట్టిది, ఎనిమిదో తరగతి చిట్టి. పాస్టరు గారమ్మాయి. బంతి తన వైపు వస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకునేది (ప్రార్థన చేసుకుంటోందేమో అనుకునేవాళ్ళం). రామచంద్రపురం పిల్లలతో ఆడి చిత్తుగా ఓడిపోయిన రోజున మాస్టారు నన్ను పక్కకి పిలిచి, ఆటంతా నువ్వొక్కదానివే ఆడేస్తే మిగతా నలుగురూ ఎందుకమ్మా అని అడిగారు. నేను తగ్గలేదు.

"పట్టుకోలేని వాళ్ళకి ఇవ్వడం దేనికండీ?"

"నువ్వు ఇవ్వకపోతే వాళ్ళు పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?"

 ఎదుటివాళ్ళ మాట సరైనదైనప్పుడు మనిషికి కోపం రావడం సహజం. ఆ మర్నాటి నుంచీ నేను బుట్టలోకి బంతి వెయ్యడానికే వీల్లేదని, పాసులివ్వడమే నా పనని, ఇష్టం లేకపోతే కూర్చోవచ్చని తేల్చి చెప్పేశారు.

పాసులే కావాలా, పాసులే ఇస్తాను, ఆయన తిక్క కుదురుతుంది అనుకున్నాను. అందులోనూ ఏరి కోరి చిట్టికే ఇచ్చేదాన్ని. మొదటిరోజు బంతి వెళ్ళి దాని ముక్కుకి తగిలింది. రెండోరోజు భుజానికి తగిలింది. మూడోరోజు అది కళ్ళు తెరిచి, "అక్కా, కొంచెం గుండెల ఎత్తులో ఇస్తావా?" అంది. అంత మర్యాదగా అడిగితే కక్ష తీర్చుకోవడం ఎంత కష్టమో చూడండి. గుండెల ఎత్తులో ఇచ్చాను. పట్టేసుకుంది. ఆ తర్వాత నేల మీద ఒక్కసారి గెంతించి ఇవ్వడం, ఒక వైపు చూస్తూ ఇంకో వైపు విసరడం, అన్నీ వచ్చేశాయి నాకు. కోపంతో చేసినా రోజూ చేస్తే చేతికి అలవాటైపోతుంది కదా.

ఆ నెలలోనే సామర్లకోటలో పోటీలు. మొదటి ఆటలో, ఇంకొన్ని సెకన్లే ఉన్నాయనగా మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతిలో ఉంది. సరిగ్గా బుట్ట కింద నిలబడ్డాను, నన్ను అడ్డుకునేవాళ్ళెవరూ దగ్గర్లో లేరు. కళ్ళు మూసుకుని వేసినా పడుతుంది. గీత అవతల నుంచి మాస్టారు రెండు చేతులూ ఊపుతూ, "వెయ్యమ్మా, నువ్వే వెయ్యి" అంటున్నారు. నేను ఆయన కళ్ళలోకి సూటిగా చూశాను. ఇన్నాళ్ళూ వద్దన్న మనిషికి ఇప్పుడు కావలసి వచ్చానా అనుకున్నాను. ఆయన్నే చూస్తూ, పక్కకి తిరగకుండా చిట్టికి పాస్ ఇచ్చాను. అది వేసిన బంతి ఇనప వలయం మీద తీరిగ్గా రెండు చుట్లు తిరిగి లోపల పడింది.

గెలిచాం. (తర్వాతి ఆటలో చిత్తుగా ఓడిపోయాం, అది వేరే సంగతి.) సోమవారం ప్రార్థన దగ్గర మాస్టారు నన్ను ముందుకి పిలిచి, జట్టు కోసం తన పేరు వదులుకున్న పిల్ల అని అందరికీ చూపించారు. చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

చిట్టి ఇప్పుడు రామచంద్రపురం దగ్గర ఒక బళ్ళో డ్రిల్లు టీచరు. ఈమధ్య తన జట్టు పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచి, వాళ్ళ ముందు ఈ కథంతా చెప్పి, అక్క నన్ను నమ్మింది అంది. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను గానీ, ఆ పిల్లలు నన్ను చూస్తున్న చూపు చూశాక ఇక ఆగలేకపోయాను. బస్సు ఎక్కించడానికి నాతో వచ్చినప్పుడు చెప్పేశాను, నమ్మకం కాదే, మాస్టారి మీద పంతం అని.

"తెలుసక్కా," అంది అది. "నువ్వు నన్ను చూడనే లేదుగా. కానీ బంతి సరిగ్గా గుండెల ఎత్తులో వచ్చింది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆ రోజు చేసినదానికి నాకు పశ్చాత్తాపం లేదు, మళ్ళీ అక్కడ నిలబెట్టినా మాస్టారిని అలాగే చూస్తాను. కాకపోతే పదో తరగతి నాటి ఆ పొగరుబోతు పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే నాలుగు చీవాట్లు పెట్టాలని ఉంటుంది. తీరా నోరు తెరవబోయేసరికి నవ్వొచ్చేస్తుందని కూడా తెలుసు.