ఊరివైపు కిటికీ

మా ఇంటికి ఒక్కటే కిటికీ, దక్షిణపు గోడకు. నిజాంసాగర్ కాలువ నీళ్ళను నమ్ముకుని గుంటూరు జిల్లా నుంచి బోధన్ పక్కకు వచ్చి చెరకు వేసిన మా నాన్న, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో గొడవపడి మరీ దాన్ని అక్కడ పెట్టించాడట. కారణం భక్తి. యూదులను చెరపట్టి బబులోనుకు తోలుకుపోయినప్పుడు వాళ్ళలో ఒక భక్తుడు యెరూషలేము వైపు కిటికీ తెరిచి ప్రార్థన చేసుకునేవాడు. మా నాన్నకు యెరూషలేమంటే గుంటూరు జిల్లాలో తాను వదిలివచ్చిన పల్లెటూరే. చక్కెర ఫ్యాక్టరీ కూడా మాకు అటువైపే ఉంది. క్రషింగ్ సీజనులో ఆ కిటికీలోంచి మసి, చెరకు మడ్డి వాసన తప్ప పుణ్యం ఏమీ వచ్చేది కాదు. అమ్మ దగ్గుతూ వంట చేసేది. కిటికీ మూస్తే మాత్రం నాన్న ఊరుకునేవాడు కాదు.

మాలాంటి వలస కుటుంబాలు కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులనేవారు. మా క్యాంపులో ఆదివారం ప్రార్థన కూటం మా వరండాలోనే, వాక్యం చెప్పేది నాన్నే. ఆయన ఎప్పుడూ ఆ చెరలోని ఏడుపు దగ్గరే ఆగేవాడు. నాకేమో వాళ్ళు అక్కడ రోజూ ఎలా బతికారన్నది కావాలి. వాళ్ళూ మాలాగే కాలువల పక్కన ఊళ్ళు కట్టుకున్నారు. ఖర్జూరపు తోటలు పెంచారు, బార్లీ పండించారు. పిల్లలకు ఆ దేశపు పేర్లు పెట్టారు, ఆ దేశపు సంతలో ఆ దేశపు మాటతోనే బేరాలాడారు. విశ్రాంతి దినాన ఎవరింట్లోనో చేరి పాత ఊరి కబుర్లు చెప్పుకునేవారు. అక్కడే స్థిరపడి, పిల్లల పెళ్ళిళ్ళు చేసుకుని, ఆ ఊరి మంచి కోరమని వాళ్ళకు ప్రవక్త కబురు కూడా పెట్టాడు. ఆ ముక్క వచ్చేసరికి నాన్న గొంతు పరుగందుకునేది.

అక్కా నేనూ క్యాంపులోనే పుట్టాం. అక్క నోరు విప్పితే బోధన్ పిల్లే. మా కూటానికి వచ్చే బోధన్ వాళ్ళ అబ్బాయి ఒకడు ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతనికి అక్క అంటే ఇష్టం, అక్కకూ అతనంటే ఇష్టం. ఈ సంగతి క్యాంపులో కోళ్ళకు కూడా తెలుసు. చివరికి ఆ అబ్బాయి తల్లే పళ్ళెంలో తమలపాకులు, చక్కెర పెట్టుకుని పిల్లను అడగడానికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రత్యేక తెలంగాణ గొడవలు రాజుకున్నాయి. బజారు గోడల మీద మమ్మల్ని వెళ్ళిపొమ్మని రాతలు వెలిశాయి. క్యాంపులో కొందరు సామాన్లు కూడా కట్టేశారు.

"చూస్తున్నావుగా అమ్మా, మీవాళ్ళే మమ్మల్ని పొమ్మంటున్నారు. రేపు మేం పోతే పిల్ల ఇక్కడ ఒంటరిదైపోదా?" అన్నాడు నాన్న, కిటికీవైపే చూస్తూ.

"గోడ మీద రాసినోళ్ళు మావోళ్ళయితే, నీ ఇంటికొచ్చి పిల్లనడిగే నేనెవర్ని, అన్నా?" అందామె. "పిల్ల ఈడ పుట్టింది, ఈ నీళ్ళే తాగింది. గా కిటికీల ఏం కనబడ్తదని సూస్తవ్? జర ఇటు తిరుగు."

నాన్న తిరగలేదు. ఆమె పళ్ళెం అక్కడే వదిలేసి, అక్క తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆయన భయం అబద్ధమని నేననను. రాత్రిళ్ళు గేటు చప్పుడైతే లేచి కూర్చునేవాడు. అయినా నాకు ఇప్పటికీ కోపమే. ఆ ఎండాకాలంలోనే అక్కను గుంటూరు జిల్లాలో మా మేనత్త కొడుక్కి ఇచ్చేశాడు.

"నీ ఊరు నాకెర్కలేదు నాన్నా, నేనాడ ఎట్లుంట?" అని అక్క ఏడిస్తే, "పరాయిచోటుకా పంపుతున్నాను? ఇంటికి పోతున్నావమ్మా" అన్నాడు. నిజామాబాద్ స్టేషనులో రైలు కదిలేటప్పుడు కూడా అదే మాట. ఆయన కళ్ళలో సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది.

తర్వాత గొడవలు సద్దుమణిగాయి. సామాన్లు కట్టినవాళ్ళు విప్పుకున్నారు. మళ్ళీ చెరకు వేశాం, మేం ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో యెరూషలేము చేరింది అక్క ఒక్కతే.

చెర విడిచాక యూదుల్లో కొందరు తిరిగి వెళ్ళారని, చాలామంది బబులోనులోనే ఉండిపోయారని నాన్న చెప్పేవాడు. కాలువ ఒడ్డున పుట్టి, ఆ సంతలో పెరిగిన ఆడపిల్లల్ని మీరూ వస్తారా అని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్న నేను కూటంలో వేస్తే నాన్న పాట ఎత్తుకున్నాడు.

కొన్నాళ్ళకు నాన్నా నేనూ అక్కను చూడబోయాం. అత్తగారింట్లో అక్కను అందరూ 'తెలంగాణ పిల్ల' అంటున్నారు. ఆమె మాటను అనుకరించి నవ్వుతున్నారు. వాళ్ళది ఎగతాళే తప్ప చెడ్డతనం కాదు. కానీ వాగుడుకాయ అక్క మాట్లాడటమే తగ్గించేసింది.

పొద్దువాలాక అక్క వంట ముగించి, చేతులు తుడుచుకుని, ఉత్తరపు గదిలో కిటికీ తెరిచి నిలబడింది. ఇది రోజూ ఉండేదేనని మేనత్త చెప్పింది. నాన్న మంచం మీద నుంచి పిలిచాడు.

"అటు తాటిచెట్లు తప్ప ఏముందమ్మా? ఇటు రా, కాసేపు నా దగ్గర కూర్చో."

"బోధన్ గటే గద నాన్నా" అంది అక్క, తిరక్కుండానే.