ఉప్పు మానిన గది

బీపీ ఆఫీసర్లకు మాత్రమే వచ్చే రోగమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఏడో తరగతితోనే బడికి సలాం కొట్టి, ఖతర్‌లో కంపెనీ బస్సు తోలుకునే నాకు అది రావడం ఒక రకంగా ప్రమోషనేనని క్యాంపులో చెప్పి నవ్వించాను కూడా.

కంపెనీ డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. గుంటూరు వైపు మనిషి. "ఉప్పు బాగా తగ్గించండి. నెల తర్వాత చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే, బస్సు నడపొచ్చని నేను సంతకం పెట్టలేనండీ" అంది. ఆ సంతకం లేకపోతే స్టీరింగ్ లేదు. స్టీరింగ్ లేని డ్రైవర్‌కు కంపెనీ ఇచ్చేది ఇంటికి టికెట్టే.

తొంభైల నడిమి రోజులవి. దోహా అంచున ఫ్యాక్టరీలుండే సనాయాలో మా క్యాంపు. గదిలో ఉన్నవాళ్ళమంతా జగిత్యాల చుట్టుపక్కలవాళ్ళమే. ఒకటే స్టవ్వు, ఒకటే గిన్నె. అందరికన్నా పెద్దవాడు కాబట్టి కాకా అని పిలుచుకునే ఆయనే వండేవాడు. నా సంగతి వినగానే ఉప్పు డబ్బా, మామిడి తొక్కు పచ్చడి సీసా తన ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

"ఇయ్యాల్టి సంది ఈ అర్రల ఉప్పు బంద్."

"పత్తెం నాకు గదా కాకా, మీకెందుకు?"

"ఇంట్ల ఒకడు పత్తెం ఉంటే అందరం ఉండాలె. మేం తొక్కు నాకుకుంట తింటుంటే నువ్వు ఊకుంటవా? నీ నాలుక సంగతి నాకెర్క లేదా?"

బిల్డింగు సైట్లలో షట్టరింగ్ పనిచేసే బావ, వరుసకే బావ, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది పప్పా, సున్నమా?" అన్నాడు. అని, కంచం ఖాళీ చేశాడు.

నేను మాత్రం ఊరికే ఉండలేదు. మధ్యాహ్నం దోహాలో బస్సు ఆపుకుని ఎదురుచూసే వేళ, సూపర్ మార్కెట్లో మంచి తిండి వెతికి కొనుక్కునేవాణ్ణి. వేడినీళ్ళలో కలుపుకునే కూరగాయల సూపు, గోధుమరంగు బ్రెడ్డు, చీజు, డబ్బాలో బీన్సు. ప్యాకెట్ల మీద క్యారెట్లు, పాలకూర, మూలన పచ్చటి ఆకు గుర్తు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా బొమ్మలు చదవడం వచ్చు కదా! పారబోస్తే సత్తువ పోతుందని బీన్సు డబ్బాలో నీళ్ళు కూడా వదలకుండా తాగాను. ఉప్పు లేకుండా ఇంత రుచి ఎలా తెప్పిస్తారో అని ఆ కంపెనీవాళ్ళను మనసులోనే మెచ్చుకున్నాను. కాకాకు చెబితే, "కూరగాయల నీళ్ళే గదా, తాగు బిడ్డా" అన్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం బావ సైటు నుంచి వచ్చి, పిక్కలు పట్టేసి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు.

"ఏం బావా, రికార్డింగ్ డ్యాన్స్ నేర్సుకుంటున్నవా?" అన్నాను.

గదంతా నవ్వింది. బావ కూడా పళ్ళ బిగువున నవ్వాడు.

నెల తిరిగాక డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది. "పెరిగిందండీ. మీరు ఉప్పు తింటున్నారు."

"మా అర్రల ఉప్పు డబ్బకే తాళమేసిన్రమ్మా! నా ఒక్కని కోసం అందరు చప్పిడే తింటున్నరు."

"మరి బయటేం తింటున్నారు?"

గొప్పగా సంచిలోంచి ఆ పూట సూపు ప్యాకెట్టు, బీన్సు డబ్బా తీసి బల్ల మీద పెట్టి, బ్రెడ్డు, చీజు సంగతి కూడా చెప్పాను. వెనకవైపు సన్నటి అక్షరాల మీద ఆమె వేలు పెట్టింది. "ఈ సోడియం ఉందే, ఇది ఉప్పులో ఉండేదేనండీ. కూరలో మానేసినదంతా మీరు ఇక్కడ తాగేస్తున్నారు. ఆ బ్రెడ్డులోనూ, చీజులోనూ ఉంటుంది." ఆగి అడిగింది. "మీ గదివాళ్ళు ఎండలో పనిచేసేవాళ్ళా? అయ్యో, వాళ్ళు మానకూడదు! చెమటతో ఒంట్లో ఉప్పంతా పోతుంది. పిక్కలు పట్టేయడం లేదూ?"

జవాబు తెలిసిన ప్రశ్నే. బల్ల మీదివి తీసి సంచిలో వేసుకున్నాను. ఇవన్నీ మానేసి రెండు వారాల్లో రమ్మంది.

ఆ రోజు గదిలో నిలబడే చెప్పాను. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. "అంటే, మేం చప్పిడి మింగుతుంటే నువ్వు డబ్బలల్ల ఉప్పు తాగినవన్నట్టు."

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. పిక్క తడుముకుంటూ, "సదువు రానోళ్ళం. మేం జూసినా గదే అనుకుందుము" అన్నాడు.

కాకా తాళం తీశాడు. కూరలో నా వంతు ముందే వేరే గిన్నెలోకి తీసి, మిగతాదాంట్లో ఉప్పు వేశాడు. తొక్కు సీసా చంకన పెట్టుకుని, "పాండ్రి, బయట గూసుందాం. వాని ముంగట వద్దు" అన్నాడు.

అందరూ కంచాలు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. వేళ్ళతో కంచాలు తుడుచుకుంటున్న చప్పుడు తలుపు ఇవతలికి వినిపించింది. అంత ఆబగా వాళ్ళు తినడం నేనెప్పుడూ వినలేదు.

రెండు వారాలకు సంతకం దొరికింది, స్టీరింగ్ నిలిచింది. అన్ని రోజులూ వాళ్ళు బయట ఉక్కపోతలోనే తిన్నారు. నేను లోపల, ఏసీ కింద.